పాత పేపర్లతో బుట్ట, పాత చీరతో డోర్‌మ్యాట్, కాలెండర్‌తో కవరు: ఇంట్లో ఉన్నవాటితోనే చేసే పద్ధతి

చేతిపని నేర్చుకుందాం అనుకోగానే చాలామంది ముందు స్టేషనరీ షాపుకు వెళతారు. గ్లూ గన్, ఫోమ్ షీట్లు, మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ ముత్యాలు కొంటారు. చేసిన వస్తువు షోకేసులోకి వెళుతుంది, నెల తిరిగేసరికి దుమ్ము పడుతుంది. ఈ దారి సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. మొదటిసారి చేసే వస్తువు రోజూ చేతికి తగిలేదై ఉండాలి. వాడుతుంటేనే అంచు ఎక్కడ పలచబడింది, కుట్టు ఎక్కడ వదులైంది అనేది తెలుస్తుంది. రెండోసారి చేసేటప్పుడు ఆ తెలివి పనికొస్తుంది.

మన ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. వెదురు చేటల సందులు పూడటానికి కాగితం, మెంతులు కలిపి రుబ్బి అలికేవారు. అదే గుజ్జును బోర్లించిన కుండ మీద మెత్తి బుట్టలు చేసేవారు. చిరిగిన నూలు చీరలు బొంతలయ్యేవి. ఇక్కడ చెప్పే మూడు పనుల్లో రెండు ఆ పాత పనులకు దగ్గరివే. కాగితపు గుజ్జు బుట్టకే ఎక్కువ చోటిస్తున్నాను. అందులో మెలకువలు ఎక్కువ, వాటిని వివరంగా చెప్పేవాళ్ళు తక్కువ.

ముందుగా జిగురు

ఇంట్లో సులువుగా అయ్యేది మైదా జిగురు. పావు కప్పు మైదాను పావు కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. ఒక కప్పు నీళ్ళు మరుగుతున్నప్పుడు దాన్ని సన్నగా పోస్తూ తిప్పండి. రెండు, మూడు నిమిషాల్లో రంగు మారి కాస్త పారదర్శకంగా అవుతుంది. అప్పుడు దింపేయాలి. వేడి నీళ్ళలో నేరుగా మైదా వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు కాగితం కింద బొబ్బల్లా కనబడతాయి. ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. పులిసిన వాసన వస్తే పారేయండి.

మైదా జిగురుకు ఒక లోపం ఉంది: పురుగులు, బొద్దింకలు దాన్ని తింటాయి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు అందుకే జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలుండే ఇంట్లో అసలు వద్దు.

ఇంకా గట్టిగా పట్టే జిగురు కావాలంటే చింతగింజలతో చేసుకోవచ్చు. కొండపల్లి బొమ్మల్లో చేతులు, కాళ్ళు అతికేందుకు వాడే మక్కు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిందే. చేర్యాల చిత్రకారులు బొమ్మలు వేసే గుడ్డకు పూసే పూతలో కూడా చింతగింజల జిగురు ఉంటుంది. చింతపండు పిసికిన గింజలు ఇంట్లో ఎలాగూ పోగవుతాయి. వాటిని కడిగి ఎండబెట్టి, మూకుడులో పై పొట్టు పగిలేదాకా వేయించండి. రోట్లో మెల్లగా దంచితే పొట్టు ఊడి తెల్లటి పప్పు వస్తుంది. దాన్ని రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నాలుగు రెట్ల నీళ్ళు పోసి చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించండి. పాత పంచె గుడ్డలో వడకట్టుకుంటే జిగురు తయారైనట్టే. ఓపిక కావాలి, కానీ అట్టను అట్టకు, గుడ్డను చెక్కకు అతికేటప్పుడు మైదా కంటే ఇది ఎంతో నయం.

కాగితపు గుజ్జు బుట్ట

కావలసినవి: పాత దినపత్రికలు అర కిలో, మెంతులు 75 నుంచి 100 గ్రాములు, పావు కప్పు మైదా జిగురు, అచ్చుకు ఒక స్టీలు బేసిన్, పలచటి ప్లాస్టిక్ షీటు లేదా తడి గుడ్డ. దీంతో మధ్యరకం బుట్టలు రెండు వస్తాయి.

కాగితం ఎంపికలో ఒక జాగ్రత్త. మెరిసే కాగితం, అంటే రంగుల పత్రికలు, షాపుల వాళ్ళు పంచే రంగు కరపత్రాలు పనికిరావు. వాటి మీద పూత ఉంటుంది, నీళ్ళు త్వరగా లోపలికి పోవు. దినపత్రిక బాగా నానుతుంది. కోడిగుడ్ల అట్టలు ఇంకా మంచివి, ఎందుకంటే అవి గుజ్జుతో చేసినవే, నానగానే విడిపోతాయి. కాకపోతే వాటికి గుడ్ల మురికి అంటి ఉంటుంది కాబట్టి మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి వాడండి.

కాగితాన్ని కత్తెరతో కత్తిరించకండి, చేత్తో చింపండి. చింపిన అంచున పీచు బయటికి వస్తుంది, ఆ పీచే ఒకదానికొకటి అల్లుకుని బుట్టకు బలాన్నిస్తుంది. దినపత్రిక పొడవు దిశలో ఒకలా, అడ్డంగా ఒకలా చిరుగుతుంది. తిన్నగా చిరిగే వైపు ముందు పట్టీలుగా చింపి, తరువాత వాటిని గుప్పెడేసి చొప్పున ముక్కలు చేయండి. ముక్క రెండు వేళ్ళ వెడల్పు ఉంటే చాలు. ఇది పిల్లలకు అప్పగించదగిన పని, ఇష్టంగా చేస్తారు.

ముక్కలు మునిగేలా వేడి నీళ్ళు పోసి రెండు రోజులు వదిలేయండి. రోజుకోసారి నీళ్ళు మార్చాలి. నీళ్ళు నల్లబడటం చూసి కంగారుపడకండి, అది అచ్చు సిరా. మార్చకుండా ఉంచితే వాసన వస్తుంది. మెంతులు మాత్రం రెండో రోజు రాత్రి విడిగా నానబెట్టుకోండి.

మూడో రోజు రుబ్బడం. రోలు ఉంటే రోట్లో, లేదంటే మిక్సీలో. మిక్సీ అయితే జారులో సగానికి పైగా నీళ్ళు ఉండాలి, కాగితం కొద్దికొద్దిగా వేయాలి, ఆపి ఆపి తిప్పాలి. నీళ్ళు తక్కువైతే గుజ్జు బ్లేడుకు చుట్టుకుని మోటారు వేడెక్కుతుంది. దీనికి వంట జారు వాడకుండా, మూలన పడేసిన పాత జారు ఒకటి కేటాయించుకోవడం మంచిది. అక్షరం ముక్క కూడా కనబడకుండా నలిగితే బుట్ట నునుపుగా వస్తుంది. అక్కడక్కడా ముక్కలు మిగిలినా నష్టం లేదు, గరుకుగా ఉంటుందంతే.

గుజ్జును గుడ్డలో వేసి పిండండి. ఆ నీళ్ళను సింకులో పోయకండి. పీచు గొట్టంలో పేరుకుని మూసుకుపోతుంది. మొక్కల పాదులో కాకుండా బయట మట్టిలో పోయడం మేలు.

నానిన మెంతులను మెత్తగా రుబ్బి గుజ్జులో కలపండి. మెంతుల్లో గ్యాలక్టోమానన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. తడిలో సాగుతూ, ఆరాక పీచును పట్టి ఉంచేది అదే. చేదు వల్ల పురుగు కూడా త్వరగా రాదని పెద్దవాళ్ళ అనుభవం. పావు కప్పు మైదా జిగురు కూడా వేసి బాగా పిసకండి. చపాతీ పిండిలా ముద్ద కావాలి. ముద్దను నొక్కితే అంచులు పగిలిపోతున్నాయంటే జిగురు చాలలేదు. చేతికి అంటుకుని జారిపోతోందంటే నీళ్ళు ఎక్కువయ్యాయి, ఇంకోసారి గుడ్డలో పిండండి.

ఇక అచ్చు. నోరు వెడల్పుగా, అడుగు చిన్నగా ఉండే బేసిన్ కావాలి. చెంబు, బిందె వంటివి పనికిరావు, వాటి మెడ దగ్గర బుట్ట ఇరుక్కుని బయటికి రాదు. బేసిన్ బోర్లించి దాని మీద ప్లాస్టిక్ షీటో, తడిపి పిండిన గుడ్డో ముడతలు లేకుండా కప్పండి. అడుగు భాగం మీద ముందు గుజ్జు మెత్తి, అక్కడి నుంచి కిందికి దిగుతూ రండి. మందం అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ ఉండాలి. ఎక్కడ పలచబడిందో కంటికి తెలియదు. అగ్గిపుల్ల గుచ్చి చూస్తే తెలుస్తుంది. అంచు దగ్గర మాత్రం మిగతా చోట్ల కంటే మందంగా ఉంచండి, పగులు మొదలయ్యేది అక్కడే. అంతా అయ్యాక తడి అరచేత్తో గట్టిగా అదుముతూ నీళ్ళు బయటికి రప్పించండి. పొడి గుడ్డతో ఆ నీళ్ళు అద్దేయండి. ఎంత గట్టిగా అదిమితే బుట్ట అంత గట్టి.

ఆరబెట్టడంలోనే చాలా బుట్టలు పోతాయి. కారణం తెలిస్తే తప్పించుకోవడం తేలిక. గుజ్జు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. లోపల స్టీలు బేసిన్ ముడుచుకోదు. బేసిన్ మీదే పూర్తిగా ఆరనిస్తే బుట్ట బిగుసుకుని నిలువునా చీలుతుంది. అందుకని మొదటి రోజు నీడలో, గాలి తగిలే చోట ఉంచండి. పైన తడి తగ్గి, నొక్కితే వేలి గుర్తు పడకుండా ఉండే దశ రాగానే, అంటే ఎండాకాలంలో ఒక రోజుకు, చలికాలంలో రెండు రోజులకు, షీటుతో సహా మెల్లగా ఊడదీయండి. తరువాత షీటు తీసేసి లోపలి వైపు గాలి తగిలేలా పెట్టండి. ఇప్పుడు ఎండలో పెట్టినా భయం లేదు. మూడు, నాలుగు రోజుల ఎండ కావాలి. గోటితో కొడితే ఖణేల్‌మని వినిపించాలి. మెత్తటి చప్పుడు వస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దనే చెబుతాను. ఆరక ముందే బూజు పడుతుంది. సంక్రాంతి దాటాక మే నెలాఖరు దాకా మంచి అదను. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకో రెండు రోజులు అదనంగా వేసుకోండి.

ఎండిన బుట్ట గరుకుగా ఉంటుంది. గరుకు కాగితం, అంటే ఉప్పుకాగితంతో రుద్దితే పైన లేచిన పీచు పోతుంది. ఆపైన మైదా జిగురుతో తెల్ల కాగితపు పట్టీలు ఒక పొర అతికించండి. పిల్లల పాత నోటు పుస్తకాల్లో రాయని పేజీలు సరిపోతాయి. పట్టీలు అంచు దాటి లోపలికి మడిస్తే అంచుకు అదనపు బలం. రంగు వేస్తారా, ముగ్గు వేస్తారా మీ ఇష్టం. జాజు ఎరుపు వేసి దాని మీద తెల్లటి చుక్కల ముగ్గు పెడితే మన గడప గుర్తుకొస్తుంది. నాకైతే అంతకు మించిన అలంకారం అక్కర్లేదనిపిస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ బుట్టలో తినే వస్తువులు నేరుగా పోయవద్దు. దినపత్రికల సిరాలో ఒంటికి పడని రసాయనాలు ఉంటాయని, ఆహారాన్ని దినపత్రికల్లో చుట్టవద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే హెచ్చరించింది. సిరా ఎంత కడిగినా మొత్తం పోదు. గాజులు, తాళాలు, దారపు ఉండలు, మందుల స్ట్రిప్పులు, పిల్లల పెన్సిళ్ళు వేసుకోవడానికి ఇది చక్కటి బుట్ట. నీళ్ళు తగలనీయకండి, పొడి గుడ్డతో తుడవండి.

పాత చీరతో జడ అల్లిక డోర్‌మ్యాట్

నూలు చీరే కావాలి. సింథటిక్ చీర నీళ్ళు పీల్చదు, గచ్చు మీద జారుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో అది ప్రమాదం. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన చీర అల్లడానికి సుఖంగా ఉంటుంది, కానీ లాగితే పరపరా చిరిగేంత పాతది వద్దు. జరీ అంచు ఉంటే ముందే కత్తిరించి పక్కన పెట్టండి, కాళ్ళకు గీసుకుంటుంది.

చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు. దాన్ని పొడవునా నాలుగంగుళాల వెడల్పు పట్టీలుగా చేయాలి. పమిట చెంగు వైపు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే నూలు బట్ట తిన్నగా చిరుగుతుంది, గీతలు గీసే పని లేదు. పదకొండు పట్టీల దాకా వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న డోర్‌మ్యాట్‌కు దాదాపు చీర మొత్తం పడుతుంది. రెండు వేర్వేరు రంగుల చీరలుంటే సగం సగం తీసుకోండి.

పట్టీలను కుట్టకుండానే కలపవచ్చు. రెండు పట్టీల చివర్లలో బొత్తాం కాజా అంత చీలిక పెట్టండి. మొదటి పట్టీ చివర మీద రెండో పట్టీ చివరను, చీలికలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టండి. రెండో పట్టీ అవతలి కొసను అడుగు నుంచి రెండు చీలికల్లోంచి పైకి తీసి లాగేయండి. చిన్న ముడిలా బిగుసుకుంటుంది. మూడు పాయల్లోనూ అతుకులు ఒకే చోట రాకూడదు, జడ అక్కడ లావెక్కుతుంది. అందుకే మొదటి మూడు పట్టీలను వేర్వేరు పొడవుల్లో తీసుకుని మొదలుపెట్టాలి.

మూడు పాయలనూ ఒక చివర కలిపి కుట్టి, కిటికీ ఊచకో, కుర్చీ కాలికో కట్టి జడ అల్లండి. చీర చిరుగు అంచులు లోపలికి మడుచుకుంటూ అల్లితే దారాలు వేలాడవు. అల్లిక బిగుతు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండాలి, ముఖ్యమైన మెలకువ ఇదొక్కటే. టీవీ చూస్తూ ఒక పూట, కబుర్లు చెబుతూ ఒక పూట అల్లితే చేతి పట్టు మారుతుందని కొందరు అంటారు. అంత పట్టింపు అక్కర్లేదు, కూర్చున్నప్పుడల్లా ముందు అల్లిన మూరెడు జడ చేత్తో తడిమి చూసి అదే బిగుతుతో కొనసాగిస్తే చాలు.

అండాకారం కావాలంటే ఒక లెక్క ఉంది. పొడవులోంచి వెడల్పు తీసేస్తే వచ్చేదే మధ్య జడ పొడవు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు కావాలంటే మధ్య జడ అర అడుగు. అక్కడిదాకా తిన్నగా పెట్టి, అక్కడి నుంచి వెనక్కి తిప్పి దాని చుట్టూ చుట్టుకుంటూ పోవాలి. గుండ్రటిది కావాలంటే ఈ లెక్కతో పని లేదు, మధ్యలోంచి చుట్టడమే.

కుట్టు ఎప్పుడూ నేల మీదో, బల్ల మీదో పరిచి వేయాలి. ఒళ్ళో పెట్టుకుని కుడితే అంచులు పైకి లేచి గిన్నెలా తయారవుతుంది. మామూలు కుట్టు దారం నిలవదు. జీన్స్ కుట్టే లావు దారం టైలర్ దగ్గర దొరుకుతుంది, దాన్ని రెండు పేటలు చేసుకోండి. సూదిని జడ పై నుంచి కాకుండా, పక్కపక్కనున్న రెండు జడల అంచు మడతల్లోంచి పోనివ్వండి. అప్పుడు కుట్టు పైకి కనబడదు, కాళ్ళ రాపిడికి తెగదు. మలుపుల దగ్గర బయటి జడను కాస్త వదులుగా ఇవ్వాలి. తిన్నటి చోట్ల వదులిస్తే అంచు అలలు అలలుగా వస్తుంది. చివర్లో మూడు పాయలనూ కోసుగా కత్తిరించి, ముందు వరుస కిందికి దోపి కుట్టేయండి.

ఇది మందంగా ఉంటుంది కాబట్టి ఆరడానికి సమయం పడుతుంది. ఒకటే చేసుకుంటే ఉతికిన రోజు గుమ్మం ఖాళీ, అందుకే రెండు చేసుకోవడం మంచిది. స్నానాల గది ముందు వేసేదైతే రోజూ ఎండలో వేయాలి, లేదంటే ముక్క వాసన పడుతుంది.

పాత కాలెండర్‌తో కవరు

ఇది గంటలోపు పని. వరలక్ష్మీ వ్రతానికి వాయనం ఇవ్వడానికి, పుట్టినరోజుకు వచ్చిన పిల్లలకు ఏదైనా చేతిలో పెట్టడానికి పనికొస్తుంది. గోడ కాలెండర్ కాగితం మందంగా ఉంటుంది, వెనుక తెల్లగా ఉంటే ఆ వైపు బయటికి పెట్టవచ్చు.

కాగితాన్ని అడ్డంగా పరిచి, పై అంచును రెండు వేళ్ళ వెడల్పున లోపలికి మడిచి అతికించండి. కుడి, ఎడమ అంచులను మధ్యకు తెచ్చి ఒకదాని మీద ఒకటి వేలెడు వచ్చేలా అతికిస్తే గొట్టం అవుతుంది. అతుకు వెనుక వైపు మధ్యలో ఉండాలి, మూలన ఉంటే బరువుకు విడిపోతుంది. రెండు పక్కలనూ వేలెడున్నర లోపలికి నొక్కి మడతలు వేయండి, వాటివల్లే కవరు నోరు విచ్చుకుంటుంది. ఇప్పుడు కవరు అడుగు భాగం. కింది నుంచి మూడంగుళాలు పైకి మడిచి గుర్తు చేసుకుని విప్పండి. ఆ గుర్తు దగ్గర రెండు పొరలనూ విడదీసి పరిస్తే రెండు వైపులా మూలలు త్రికోణాలుగా వస్తాయి. పై రేకును, కింది రేకును మధ్య గీత దాటేలా ఒకదాని మీద ఒకటి మడిచి అతికించండి. లోపల అడుగున అగ్గిపెట్టెల అట్టో, చొక్కా ప్యాకెట్‌లో వచ్చే అట్టో కొలతకు కత్తిరించి పెట్టాలి. అది లేకపోతే కొబ్బరికాయ బరువుకే అడుగు ఊడుతుంది.

పిడికి జరీ అంచు వాడండి, డోర్‌మ్యాట్ కోసం కత్తిరించి పక్కన పెట్టింది ఇప్పుడు పనికొస్తుంది. పై మడతలో అట్టముక్క దూర్చి రంధ్రాలు చేస్తే కాగితం చిరగదు. అంచు కొసలను లోపలి నుంచి ముడి వేయండి. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు ఒక కొబ్బరికాయ, రెండు అరటిపళ్ళు పెట్టి ఎత్తి చూడండి. అడుగు ఊడకుండా నిలిస్తే వాయనానికి సిద్ధం. పసుపు, కుంకుమ, శనగలు మాత్రం విడిగా చిన్న డబ్బాలోనో ఆకు పొట్లంలోనో పెట్టి ఇందులో ఉంచండి.